స్కాట్లండు దేశపు వాణి: పుస్తకము, రంగస్థలము, పాట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున స్కాట్లండు దేశమునందలి క్రొత్త పుస్తకములను, నాటకములను, సంగీతమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను ఆదేశించిరి. అంత దూరదేశముతో మనకేమి పనియని కొందఱికి తోచవచ్చును. గ్రంథాలయోత్సవమున ఆ దేశమును తలచుకొనుటకు చక్కని కారణమే యున్నది. ఊరూర ఉచిత గ్రంథాలయము వెలయవలెనని తన ధనమును వెచ్చించిన ఆండ్రూ కార్నెగీ స్కాట్లండులోని డన్‌ఫర్మ్‌లిన్ పట్టణమున 1835లో ఒక నేతగాని యింట పుట్టినాడు. అమెరికాకు పోయి కోటీశ్వరుడైన పిమ్మట అతడు కట్టించిన మొదటి గ్రంథాలయము 1883లో ఆ పుట్టినయూరనే తెఱవబడినది. ఆపైని నానాదేశములందు అతని ధనముతో లేచిన గ్రంథాలయములు 2,500కు మించినవి. కావున నేడు ఆ దేశమును తలచుట ఋణము తీర్చుకొనుట వంటిది.

స్కాట్లండు బ్రిటన్ ద్వీపమున ఉత్తరభాగము. జనసంఖ్య సుమారు 54 లక్షలు. 1707లో తన శాసనసభను పోగొట్టుకొని ఇంగ్లండుతో ఒకే రాజ్యమై, మరల 1999లో తనకంటూ ఒక శాసనసభను పొందినది. అచట మూడు భాషలు గలవు. పాలనకును, బడికిని, వ్యాపారమునకును ఇంగ్లీషు. పల్లపుసీమలందలి జనుల నోట స్కాట్సు. ఇది ఇంగ్లీషునకు తోబుట్టువు. కొండసీమలందును పడమటి దీవులందును గేలిక్. ఇది ఐర్లండు భాషకు దగ్గఱి చుట్టము, ఇంగ్లీషువానికి ఒక్కముక్కయు బోధపడదు. ఈ రెండు దేశభాషలును చాలకాలము బడిగడప తొక్కలేదు. తొక్కిన చోట దెబ్బలు తినినవి.

రాజాశ్రయము తప్పిన భాష ఎక్కడ తలదాచుకొనును? నేను చదివినంతవఱకు స్కాట్లండు చెప్పు సమాధానమిది: ముందు పాటలో తలదాచుకొనును. అక్కడినుండి పుస్తకమునకు, పుస్తకమునుండి రంగస్థలమునకు, మరల పాటకు తిరుగుచుండును. ఈ రాకపోకలు సాగినంతకాలము ఆ దేశపు కళ పచ్చగా నున్నది. నిలిచినప్పుడెల్ల వాడిపోయినది. ఈ మాటకు తార్కాణములు చూపుటయే నా యుపన్యాసము.

మొదట పుస్తకమును తీసికొందము. 1786లో రాబర్ట్ బర్న్స్ అను ఇరువదియేడేండ్ల రైతు కిల్‌మార్నక్ పట్టణమున ఒక పద్యసంపుటిని అచ్చువేయించెను. వేసిన ప్రతులు 612; వెల మూడు షిల్లింగులు. ఇవి స్కాట్లండు వాడుకభాషలోని పద్యములని పుస్తకపు పేరునందే చాటినాడు. కొలది వారములలో ప్రతులన్నియు చెల్లిపోయినవి. జమైకాకు వలసపోవ సిద్ధపడిన రైతు ప్రయాణము మానుకొని కవిగా నిలిచెను. అంతటితో తృప్తిపడక, ఎడిన్‌బరోలో జేమ్స్ జాన్సన్ వెలువరించుచుండిన పాటల సంకలనమునకు, జనుల నోటనున్న పాటలను సేకరించియు, తెగినచోట అతికియు, తాను క్రొత్తగా కట్టియు సుమారు 200 పాటలు సమకూర్చెను. నేడు పలుదేశములందు పాతయేటిని సాగనంపుచు జనులు చేయిచేయి కలిపి పాడు పాట అతని చేతిమీదుగా వచ్చినదే.

అతని పిమ్మట చాలమంది అతనిని అనుకరించుటతోనే ప్రొద్దుపుచ్చిరి. వాడుకభాష పల్లెసరసమునకును కంటనీటికిని మాత్రమే తగునను అపోహ ప్రబలెను. ఆ అపోహను తెగగొట్టినవాడు హ్యూ మెక్‌డెర్మిడ్. ఇది కలముపేరు, అసలు పేరు క్రిస్టఫర్ గ్రీవ్. 1808లో జాన్ జేమీసన్ ప్రకటించిన స్కాట్సు నిఘంటువును ముందు పెట్టుకొని, మఱుగుపడిన పదములను ఏఱి తెచ్చి, వానితో తత్త్వమును రాజకీయమును చర్చింపగల కవిత్వము వ్రాసెను. త్రాగినవాడొకడు దేశచిహ్నమైన ముండ్లపూవును చూచుచు తన జాతి గతిని విచారించు దీర్ఘకావ్యము 1926లో వెలువడినది. గేలిక్ భాషకు అట్టి మేలు చేసినవాడు రాసే దీవిలో పుట్టిన సోర్లీ మెక్లీన్. అతని ప్రణయకావ్యము 1943 నాటిది. వాడుకపదము కావ్యమున కొదుగునా యని శంకించువారికి మన పాల్కురికి సోమనాథుడు జానుతెనుగున ద్విపద నడపి ఏనాడో బదులు చెప్పియున్నాడు గనుక ఈ వార్త మనకు వింతగొలుపదు.

ఇక మన కాలపు నవలలు. 1994లో గ్లాస్గో నగరపు జేమ్స్ కెల్‌మన్ వ్రాసిన నవలకు బ్రిటనులో పేరెన్నికగన్న బుకర్ బహుమానము లభించెను. కథానాయకుడు చూపు కోల్పోయిన ఒక పేదవాడు. కథ యంతయు గ్లాస్గో కార్మికుల నోటిమాట, తిట్టుమాటలు కోకొల్లలు. న్యాయనిర్ణేతలలో ఒకరు బహిరంగముగనే నిరసించిరి. తన భాషకును సంస్కృతికిని బ్రదుకు హక్కు గలదని గ్రంథకర్త బహుమానసభలోనే నొక్కిచెప్పెను. ఇరువదియాఱేండ్లు గడచినవి. 2020లో అదే నగరమున పుట్టిన డగ్లస్ స్టూవర్ట్ తన తొలి నవల ‘షగ్గీ బేన్’కు అదే బహుమానమును పొందెను. గనులు, ఓడల కర్మాగారములు మూతపడిన 1980 నాటి దశాబ్దమున, త్రాగుడుపాలైన తల్లిని కాపాడుకొనజూచు బాలుని కథ యది. పలువురు ప్రచురణకర్తలు దానిని త్రిప్పిపంపిరి. తన జనమును, తన యాసను అచ్చులో చూచుట కెల్‌మన్ నవలయందే తనకు తొలిసారులలో నొకటియని స్టూవర్ట్ చెప్పుకొనెను. ఒక పుస్తకము మఱియొక పుస్తకమును కనుట యనగా నిదియే. నిందపడినవాడు వేసిన బాటయే తరువాతివానికి రాజవీథి యయ్యెను.

అంతకంటె చిత్రమైన పుస్తకమొకటి 2021లో వచ్చినది. ఉత్తరమున ఆర్క్నీ దీవులు గలవు. ఆ దీవుల యాసలో హ్యారీ జోసెఫైన్ గైల్స్ ఒక పద్యనవల వ్రాసిరి. కథ జరుగునది పల్లెలో కాదు. అంతరిక్షమున తేలు ఒక నివాసమున! ప్రతిపుటలో పైన ఆర్క్నీ మాట, దిగువ చిన్నయక్షరములలో ఇంగ్లీషు వివరణము. వైజ్ఞానిక కల్పనలకిచ్చు ఆర్థర్ క్లార్క్ బహుమానము 2022లో ఆ పద్యకృతికి వచ్చినది. దీవి యాస తాతలనాటి ముచ్చటలకే గాక రానున్న యుగములకును చాలునని అది నిరూపించినది.

ప్రభుత్వముకూడ కొంత కన్ను తెఱచినది. 2004నుండి ఆ దేశమునకు జాతీయకవి పదవి యొకటి యేర్పడినది. దానిని ‘మాకర్’ అందురు. పద్యమును కట్టువాడని యర్థము. ఎడ్విన్ మోర్గన్ మొదటివాడు. 2024 డిసెంబరులో పీటర్ మెకే నియుక్తుడయ్యెను. గేలిక్ ఇంటిభాషగా గల లూయిస్ దీవివాడు ఆ పీఠమెక్కుట అదియే మొదలు. ఈ దీవి పేరు గుర్తుంచుకొనుడు. చివర దానితో మనకు పనియున్నది.

రెండవది రంగస్థలము. నాటకకళకు స్కాట్లండున మొదట మంచి ఆరంభమే యుండినది. సర్ డేవిడ్ లిండ్సే వ్రాసిన వ్యంగ్యనాటకము, రాజును మతాధికారులను ప్రభువులను నిలదీయునట్టిది, 1552లో క్యూపర్ ఊరి బయట ఆరుబయలున ఆడబడెను. 1560లో మతసంస్కరణము వచ్చిన పిదప క్రొత్తమఠమువారు నాటకమును పాపకార్యముగ నెంచిరి. 1756లో జాన్ హోమ్ అను మతాచార్యుడు విషాదనాటకమొకటి వ్రాసి ఎడిన్‌బరోలో ఆడించినందుకు గొప్ప గొడవ లేచి, మఱుసటి యేడు తన పదవిని వదలుకొనవలసినవాడయ్యెను. చిత్రమేమనగా 1948లో లిండ్సే నాటకమును మరల ఎత్తి ఆడినది ఆ మతమఠపు మహాసభామందిరముననే! కాలము ఎవరిచేత ఎవరికి పీట వేయించునో చెప్పజాలము.

అంతకు ముందటి యేడు, 1947లో, ఎడిన్‌బరోలో అంతర్జాతీయ కళోత్సవము మొదలైనది. పిలుపులేకయే ఎనిమిది నాటకసమాజములు వచ్చి, దొరికిన చావడిలో ఆడినవి. ఆ పిలువని పేరంటమే ‘ఫ్రింజ్’ అను పేరుతో పెరిగి, ఏటేట ఆగస్టుమాసమున వేలకొలది ప్రదర్శనములు జరుగు మహోత్సవమైనది.

కాని నగరమున ఎంత సందడియైనను పల్లెకు నాటకము చేరవలెను గదా! 1973లో జాన్ మెక్‌గ్రాత్ నడపిన సమాజము ఆ పని చేసెను. ఆ సమాజము పేరు ‘7:84’. దేశజనులలో నూటికి ఏడుగురిచేతిలో దేశసంపదలో నూటికి ఎనుబదినాలుగు పాళ్లున్నవను లెక్కనే వారు పేరుగ పెట్టుకొనిరి. లెక్కలు వ్రాసి పొట్టపోసికొను నాబోటివానికి ఇంతకంటె సూటియైన నాందీశ్లోకము కనబడదు. వారి నాటకము కొండసీమ భూమికథ. మొదట గొఱ్ఱెలమందలకై రైతులను ఇండ్లనుండి వెడలగొట్టిరి. పిమ్మట దొరల జింకవేటకై భూమిని బీడుపెట్టిరి. కడపట సముద్రగర్భమున చమురు దొరికినప్పుడు లాభము పరులపాలయ్యెను. ఈ మూడంకముల చరిత్రను పాటలతో, హాస్యముతో, గేలిక్ గీతములతో అల్లి, ఊరి చావడులలో ఆడిరి. రంగాలంకరణము ఒక బ్రహ్మాండమైన పుస్తకము. పుట త్రిప్పిన దృశ్యము లేచి నిలుచును. ఆట ముగియగానే నటులును ఊరివారును కలసి నాట్యమాడుచుండిరి. తాతలు భూమి పోగొట్టుకొన్న ఊళ్లలోనే ఆ కథను ఆడి చూపుట సామాన్యమైన సాహసము గాదు.

ఆ అడుగుజాడలందే 2006లో స్కాట్లండు జాతీయ నాటకసంస్థ రంగమునకు దిగినది. దానికి సొంత రంగశాల లేదు. దేశమంతయు రంగశాలయే యని వారి సంకల్పము. ప్రారంభదినములలోనే పదిచోట్ల ‘ఇల్లు’ అను ఒకే అంశముపై పది ప్రదర్శనములు జరిపిరి; ఒకటి ఓడలో, ఒకటి బహుళాంతస్తుల నివాసభవనమున. ఆ యేడే ఇరాకు యుద్ధమునకు పోయివచ్చిన సైనికులతో ముచ్చటించి గ్రెగరీ బర్క్ వ్రాసిన ‘బ్లాక్ వాచ్’ను ప్రదర్శించి దేశాంతరఖ్యాతి గొనిరి. 2011లో డేవిడ్ గ్రెయిగ్ వ్రాసిన నాటకమున నాయిక జానపద గాథాగీతములపై పరిశోధనము చేయు విదుషి. దానిని పానశాలలలో, చూచువారి బల్లలనడుమనే ఆడిరి. పుస్తకములో పండితులచేత బంధింపబడిన పాట పానశాలకు, అనగా తన పుట్టింటికి, తిరిగివచ్చుటయే యచట ప్రధానవస్తువు.

2025లో రెండు క్రొత్త నాటకములు వచ్చినవి. మొదటిది డండీ నగరమున మొదలై ఎడిన్‌బరో ఉత్సవమునకు పోయిన జేమ్స్ గ్రాహమ్ నాటకము. 1727లో స్థాపింపబడిన రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండు 2008లో కూలిపోవుటయు, దానిని నిలుపుటకు ప్రభుత్వము సుమారు 4,500 కోట్ల పౌనులు పోయుటయు అందలి యితివృత్తము. అర్థశాస్త్రపితయైన ఆడం స్మిత్ ప్రేతరూపమున వచ్చి, తన పేరు చెప్పుకొని జరిగిన పనులు చూచి అదరిపడును. ఆ పాత్రను డండీలోనే పుట్టిన ప్రసిద్ధనటుడు బ్రయన్ కాక్స్ ధరించెను. రెండవది గ్లాస్గోలోని సిటిజెన్స్ రంగశాలది. 1943లో పుట్టిన ఆ సంస్థ తన భవనమును మరమ్మతులకై 2018లో మూసి, 2025లో తెఱచి, లాకర్బీ కథతో తెర యెత్తినది. 1988 డిసెంబరు 21న లాకర్బీ పట్టణముపై విమానము పేలి కూలి 270 మంది మరణించిరి. ఆ యూరి స్త్రీలు మృతుల బట్టలను చేతులార ఉతికి, మడతపెట్టి, సముద్రము దాటి వారి తల్లిదండ్రులకు పంపిరి. నాటకమునకు ‘చిన్ని ప్రేమకార్యములు’ అని యర్థమిచ్చు పేరు పెట్టిరి. ఒకటి వేల కోట్ల లెక్క, రెండవది ఉతికిన చొక్కాయి లెక్క. రెండు లెక్కలను ప్రజలముందు పెట్టగలిగినది రంగస్థలమే.

మూడవది సంగీతము. సర్ వాల్టర్ స్కాట్ 1802లో సరిహద్దుసీమ గాథాగీతములను సేకరించి అచ్చువేసినప్పుడు, కవి జేమ్స్ హాగ్ తల్లి మార్గరెట్ లెయిడ్లా అతనిని మందలించినదని హాగ్ వ్రాసియున్నాడు. ఆ పాటలు పాడుటకు పుట్టినవేగాని చదువుటకు గావనియు, అచ్చువేసి వానిని చెఱచితిరనియు ఆ వృద్ధురాలి నింద. ఈ నింద నూటయేబదియేండ్లవఱకు సమాధానము లేకయే యుండెను. సమాధానము శబ్దగ్రహణయంత్రముతో వచ్చినది. 1951లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయమున స్కాట్లండు అధ్యయనశాల వెలసినది. సోర్లీ మెక్లీన్ తమ్ముడు కేలమ్ మెక్లీన్ దీవులు తిరిగి గేలిక్ కథలను పట్టుకొనెను. హేమిష్ హెండర్సన్ సంచారజాతులవారు పండ్లు కోయుటకు చేరు తోటలలో గుడారములమధ్య కూర్చుండి పాటలు విని, యంత్రముపై ఎక్కించెను. 1953లో అబర్డీన్ నగరమున జీనీ రాబర్ట్‌సన్ అను గృహిణి యింటి తలుపు తట్టెను. సంచారజాతిలో పుట్టిన ఆమె కంఠమున పురాతన గాథలు చెక్కుచెదరకయుండెను. ఊరివారు చులకనగా చూచిన జాతిస్త్రీని దేశమంతయు గురువుగ కొనియాడినది. ఇట్టి ధ్వనిముద్రణములు వేలకు వేలు 2010నుండి అంతర్జాలమున ఎల్లరకు వినవచ్చుచున్నవి.

దాచినపాట దాచినట్లే యుండిన అది వస్తుప్రదర్శనశాలలోని కత్తివంటిది. దానిని మరల ఒరనుండి తీసినవాడు మార్టిన్ బెన్నెట్. జానపదవిజ్ఞానమున ఆరితేరిన తల్లికి కొడుకు. శాస్త్రీయముగ వయొలిను నేర్చినవాడు. బాగ్‌పైపు వాద్యమున దిట్ట. చిన్నవయస్సునందే కాన్సరు వ్యాధి సోకి వాయించు శక్తి సన్నగిల్లగా, సంచారగాయకుల, గేలిక్ గాయకుల పాత ధ్వనిముద్రణములను తీసికొని, నేటి విద్యుద్వాద్యముల లయతో జోడించి 2003లో ‘గ్రిట్’ అను సంపుటిని వెలువరించెను. అందు జీనీ కూతురు లిజీ హిగిన్స్ గొంతు కూడ వినబడును. 2005లో ముప్పదిమూడేండ్ల ప్రాయమున అతడు కన్నుమూసెను. పదేండ్లకు, 2015 జనవరిలో, 1994నుండి గ్లాస్గోలో ఏటేట జరుగు ‘కెల్టిక్ కనెక్షన్స్’ సంగీతోత్సవము ఆ కృతితోనే ప్రారంభమైనది. గ్రెగ్ లాసన్ దానిని మహావాద్యబృందమునకు అనువుగ మలచెను. తోటలో పండ్లు కోసినవారి పాట సంగీతమహాసభలో సింహాసనమెక్కినది. అదే బాగ్‌పైపు సంప్రదాయమును స్కై దీవి యువతి బ్రీచ ఖైంబల్ చిన్నతిత్తి వాద్యముపై క్రొత్తపుంతలు త్రొక్కించుచున్నది. 2023 నాటి ఆమె సంపుటి పేరునకు ‘వారిని మనతో తోడ్కొనిపోవుట’ యను భావము. మన మృదంగపుజతులవలె ఆ వాద్యపాఠమును పూర్వగురువులు అక్షరములుగ పాడియే నేర్పుచుండిరి.

ఇంతవఱకు చెప్పినది జమ. ఖర్చుకూడ చెప్పనిది పద్దు సరిపోదు. 2022 జనాభా లెక్కలందు గేలిక్ ఏపాటియైనను తెలిసినవారు 1,30,161. పూర్వపు లెక్కకంటె ఎక్కువయే. కాని అది తాతముత్తాతలనుండి ఇంటిభాషయైన పడమటి దీవులలో మాటలాడువారు జనులలో సగమునకు తక్కువైరి. నగరమున తరగతిగదిలో నేర్చువారు పెరుగుచుండగా దీవిలో పొయ్యిదగ్గఱ మాటలాడువారు తఱుగుచున్నారు. స్కాట్సు మాటలాడుదుమని చెప్పుకొన్నవారు 15 లక్షలు. 2025లో శాసనసభ ఈ రెండు భాషలకును అధికారభాషాప్రతిపత్తి నిచ్చుచు చట్టము చేసినది. చట్టము తలుపు తెఱవగలదు. లోనికి వచ్చి కూర్చుండి మాటలాడవలసినవాడు మనుష్యుడు. కళలకిచ్చు సొమ్ముకూడ ఏండ్లతరబడి ఊగిసలాడి, 2025 జనవరిలో 251 సంస్థలకు మూడేండ్లకుగాను 20 కోట్ల పౌనులకు పైగా కేటాయింపు జరిగినది.

ఇక లూయిస్ దీవి మాట. నేటి జాతీయకవి పుట్టిన ఆ దీవియందే, స్టోర్నొవే రేవుపట్టణమున, 1754లో కాలిన్ మెకంజీ పుట్టెను. మన గ్రామచరిత్రలను కైఫీయతులుగ వ్రాయించిన మెకంజీదొర ఇతడే. ఇతనికి మన భాషలు రావు. కన్నును నోరును అయినవారు ఏలూరి కావలి బొఱ్ఱయ్య, 1803లో అతడు గతించిన పిదప అతని సోదరుడు లక్ష్మయ్య. వారు ఊరూర తిరిగి, గ్రామకరణముల కవిలెలను విప్పించి, వృద్ధుల నోట విని వ్రాయించిరి. 2017లో స్టోర్నొవేలో మెకంజీ సేకరణములను ప్రదర్శించినప్పుడు మన సీమ జ్ఞాపకములు అతని పుట్టినయూరికి అతిథులై పోయినవి. అయితే కైఫీయతు ప్రధానముగ గుడిని, మాన్యమును, చెఱువును, రాజవంశమును గూర్చిన లెక్క. నాటువేయు స్త్రీ పాట వ్రాసికొనుట ఆ గుమాస్తాల పని కాదు. పిమ్మట నేదునూరి గంగాధరముగారు, బిరుదురాజు రామరాజుగారు మున్నగు మహనీయులు ఆ కొఱత చాలవఱకు తీర్చిరి. కాని మన యూరి పాట మన యూరివారే వ్రాసికొనవలెను.

ఇందుకై ఒక మనవి. మన గ్రంథాలయమున పుస్తకముల దాఖలా పుస్తకమున్నది. రజతోత్సవస్మారకముగ దాని ప్రక్క రెండవ దాఖలా పుస్తకమొకటి తెఱవవలెను. అందలి గడులు ఇవి: పాట మొదటిమాట; పాడినవారి పేరు; ఎవరివద్ద నేర్చిరి; ఏ పనిలో పాడుదురు; ధ్వనిముద్రణము చేసిన తేదీ. యంత్రమునకు వేఱుగ సొమ్ము అక్కఱలేదు. ప్రతి యింట నున్న చేతిఫోను చాలును. హాగ్ తల్లి పెట్టిన నింద మనకు తగులకుండ, అక్షరముతోబాటు కంఠమునుకూడ దాతము. నాటువేతలు యంత్రములపాలగుచున్నవి, తిరుగలి మూలబడినది, ఆ పాటలు తెలిసిన పెద్దలలో ఎనుబది దాటినవారే ఎక్కువ. వచ్చు సంక్రాంతికి ఈ పని యారంభింపకున్నచో స్వర్ణోత్సవమునాటికి వ్రాయుటకు గడులే మిగులును, పాట మిగులదు.

దాచుటతో ఆగక, దాచినదానిని ఏడాదికొకమాఱు ఈ చావడిలోనే మన పిల్లలచేత పాడింపవలెనని ప్రార్థించుచున్నాను.